బండిసాల నేలకు జారని పూత

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో బండిసాల యను మాటకు అర్థము మాఱినది. కాడి దించిన ఎడ్లబండిని నిలుపుకొను తాటియాకుల సాల యుండిన చోట నేడు రేకుల కప్పు క్రింద ట్రాక్టరు నిలుచుచున్నది. సంఘములు సభ్యులకు అద్దెకిచ్చుటకై కొన్న రోటవేటరు, నూర్పిడి యంత్రము, మందుకొట్టు పంపు మొదలగునవియు ఆ కప్పు క్రిందికే చేరినవి. ఎడ్ల కాలమున సాల నేల మట్టినేల. పేడతో అలికిన చాలెడిది. ఎద్దు గిట్టకును మనిషి పాదమునకును అది పట్టు నిచ్చెడిది. ఇప్పుడు మట్టి పోయి సిమెంటు గచ్చు వచ్చినది. ఆ గచ్చుపై డీజిలును, గ్రీజును, ఇంజను నూనెయును, దమ్ము చేసి వచ్చిన చక్రముల నుండి రాలిన బురదయును పేరుకొనుచున్నవి. వీనిపై నాలుగు వాన చినుకులు పడినపుడు, 45 కిలోల యూరియా బస్తాను తలపై పెట్టుకొని నడచు కళాసీ గతి ఏమగునో రైతు సోదరులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఇట్టి నేలలకు ఇపాక్సీ యను పూత వేయించిన బాగుండునా యని సభ్యులు కొందఱు అడుగుచున్నారు. పూత అమ్ము వారును రంగుల పటములు చేతబట్టి సంఘముల గడప ద్రొక్కుచున్నారు. ఆ పటములలోని నేలలు అద్దము వలె మెఱయుచుండును. కార్యవర్గములు ఆ మెఱపును చూచి తీర్మానము చేయకుండుటకై మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. పూత వేయించుటకు మేము విరోధులము కాము. కాని బండిసాలకు నున్నని పూత వేయించరాదు. తడి పీల్చు నేలపై ఏ పూతయు వేయించరాదు. సభ్యుల వాటా ధనము ఈ రెండు విషయములు తేలిన పిమ్మటనే పెట్టె దాటవలయును.

ఇపాక్సీ యనగా ఏమో మనకు తెలియనిది కాదు. విఱిగిన పింగాణి గిన్నెను అతుకుటకు రెండు గొట్టముల నుండి పిండి కలుపు ఎరాల్డైటు అను జిగురు ప్రతి ఊరి కొట్టులోను దొరకును. స్విట్జర్లాండులోని సీబా కంపెనీ వారు దానిని 1946లో లోకమునకు చూపిరి. నేలపూత దాని దాయాదియే. ఒక డబ్బాలో బంక, రెండవ డబ్బాలో దానిని గట్టిపఱచు ద్రవము ఉండును. రెండును కలిసిన క్షణము నుండి రసాయన మార్పు మొదలగును. ఇది రంగు వలె ఆఱుటయే కాదు, పాలు తోడుకొన్నట్లు గట్టిపడుట. కావున కలుపు పాళ్ళు తయారుచేసిన వారు చెప్పినట్లే ఉండవలెను. త్వరగా గట్టిపడునని రెండవ ద్రవమును హెచ్చుగా పోసినచో పూత త్వరపడదు సరికదా, ఎప్పటికిని జిగటగానే యుండును.

ఇక అసలు విషయమునకు వత్తము. సాదా గచ్చు నూనెను త్రాగును. అందువలన అది నల్లబడి, కంపు కొట్టి, క్రమముగా పెళుసు బారును. ఇపాక్సీ పూత నూనెను త్రాగదు. డీజిలు గాని గ్రీజు గాని పైననే నిలిచిపోవును, గుడ్డతో తుడిచిన పోవును. పూత అమ్ము వారు చెప్పు గొప్ప గుణము ఇదియే, అది నిజమే. కాని ఆలోచించి చూడుడు. త్రాగని నేలపై నూనె ఎక్కడ నుండును? కాలి క్రిందనే యుండును. తుడుచు వఱకును అది అక్కడనే కాచుకొని యుండును. పాత గచ్చుపై నూనె సగము లోపలికి ఇంకి, మిగిలిన గరుకు మనలను కొంత కాపాడెడిది. నున్నని ఇపాక్సీపై ఆ కాపుదలయు లేదు. మురికి పట్టకుండుట కొఱకు డబ్బిచ్చి జారుడుబండను కొని తెచ్చుకొన్నట్లగును. సంపన్నుల ఇండ్లలో కారు నిలుపు గదులకు ఈ పూత సొగసుగా నుండవచ్చును. అచ్చట బస్తా మోయు వాడు లేడు, బురద చక్రము రాదు. మన సాలలకు ఆ లెక్క చెల్లదు.

కావున మన పూతలో ఇసుక చేరి తీరవలెను. ఇసుక చేర్చుటకు రెండు పద్ధతులు కలవు. బంకలోనే ఇసుకను కలిపి పూయుట మొదటిది. ఇది సులభముగా కనబడును గాని, ఇసుక డబ్బా అడుగునకు దిగిపోవుటచే నేలపై ఒకచోట గుంపుగాను ఒకచోట బొత్తిగా లేకయు పడును. జారుడు మచ్చ ఒక్కటి మిగిలినను కాలు అచ్చటనే పడును గదా. రెండవది, విత్తనము వెదజల్లినట్లు తడి పూతపై ఇసుకను చల్లుట. నేల ఇంక పట్టదన్నంత వఱకు నిండుగా చల్లి, గట్టిపడిన పిమ్మట అంటుకొనని ఇసుకను ఊడ్చివేసి, దానిపై ఒక పలుచని పూత వేయుదురు. మేము ఈ రెండవదానినే మెచ్చుచున్నాము. పై పూత పలుచగా నుండుటయే ముఖ్యము. మేస్త్రి మెఱపు కొఱకు చేయి బరువుగా వేసినచో గింజలన్నియు మునిగిపోయి, చల్లిన ఇసుక వ్యర్థమై, నేల మరల నున్ననగును.

ఏ ఇసుక? వంశధార, నాగావళి ఇసుక చేతికందుచుండగా కొననేల యని ప్రశ్న రావచ్చును. ఏటి ఇసుకలో మన్నును తడియును ఉండును, గింజలన్నియు ఒక తీరుగ నుండవు. తడి ఇసుక ఇపాక్సీకి శత్రువు. కడిగి, ఎండబెట్టి, రెండు జల్లెడల నడుమ పట్టగల ఓర్పు ఉన్నచో చూడవచ్చును గాని, ఇందు కొఱకే ఎండబెట్టి అమ్ము సిలికా ఇసుకను కొనుటయే మేలు. గింజ సుమారు 0.3 నుండి 0.6 మిల్లీమీటర్ల వఱకు ఉన్నచో కాలికి పట్టు దొరకును, చీపురును నడచును. అంతకు ముతకదియు, కురువింద జాతికి చెందిన అల్యూమినియము ఆక్సైడు రవ్వయు మఱింత పట్టు నిచ్చును గాని, వాని గరుకు బురదను వదలదు, చీపుళ్ళను తినివేయును, మోకాళ్ళపై కూర్చుండి యంత్రము విప్పు వానిని గీఱును. మా మాట ఏమనగా, ట్రాక్టరు వెలుపలి నుండి ఎక్కి వచ్చు వాలు మీద ముతక రవ్వయు, మనుష్యులు తిరుగు లోపలి భాగమున సన్న ఇసుకయు వేయించుట మంచిది.

అమ్మువారు తమ పూతకు ఆర్ 10, ఆర్ 11 అని గుర్తులు చెప్పుదురు. ఇవి జర్మనీ దేశపు పరీక్షకు చెందినవి. నూనె పూసిన పలకపై బూట్లు తొడిగిన మనిషిని నడిపించి, పలకను క్రమముగా ఏటవాలు చేసి, ఎన్ని డిగ్రీల వద్ద అతనికి నిలుకడ తప్పునో చూచెదరు. ఆర్ 9 మొదలు ఆర్ 13 వఱకు తరగతులు కలవు. ఆర్ 9 అనగా 6 నుండి 10 డిగ్రీల లోపే. ఆర్ 11 అనగా 19 దాటి 27 వఱకు, ఆర్ 12 అనగా 35 వఱకు. నూనె చిందు బండిసాలకు ఆర్ 11కు తక్కువ దానిని అంగీకరింపరాదు. ఆర్ 9 అను గుర్తును చూచి ‘జారని పూత’ యని మురిసిపోవుట తగదు, అది ఆ వరుసలో అడుగు మెట్టు. వట్టికాలికి ఆ దేశము వారే వేఱొక పరీక్ష పెట్టిరి. దానిలో సబ్బునీటిపై నడిపించి ఏ, బీ, సీ యని తరగతులు చేయుదురు. మన కళాసీలలో బూట్లు తొడుగు వారెందఱు? వట్టికాళ్ళు గాని, అడుగు అఱిగిన రబ్బరు చెప్పులు గాని మనవారి పాదరక్షలు. కావున కాగితముపై గుర్తును చూచి ఊరకుండక, ఒక పని చేయవలయును. పూత వేయదలచినవారిని మూడడుగుల పలకపై వారు నేలకు వేయబోవు విధముగనే పూసి తెమ్మనవలెను. దానిపై ఇంజను నూనెయు, గుప్పెడు దమ్ము బురదయు, చెంబెడు నీళ్ళును పోసి, రోజూ సాలలో తిరుగువానిని, ప్రక్కన ఇద్దఱు పట్టుకొని యుండగా, వట్టికాళ్ళతోను చెప్పులతోను నిలిచి చూడుమనవలెను. కార్యవర్గ సభ్యుల కన్నులకంటె అతని పాదముల తీర్పు ఎక్కువ విలువ గలది.

పూత మాట ఇంత చెప్పితిమి గాని, మన ప్రాంతమున పూతలు చెడుటకు పూత కంటె నేలయే హెచ్చు కారణము. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వఱకు సముద్రపు ఒడ్డున మన ఊళ్ళు బారులు తీరియున్నవి. నౌపడాలో ఉప్పు పండించుచున్నాము. అట్టి చోట్ల భూమిలోని తేమ ఉప్పును వెంటబెట్టుకొని గచ్చు గుండా పైకి వచ్చును. గోడల అడుగున చవుడు పూచి సున్నము రాలుట ఎవరు చూడలేదు? నేలలోను ఆ పనియే జరుగుచుండును. సాదా గచ్చు ఆ తడిని గాలిలోనికి విడిచిపెట్టును. ఇపాక్సీ వేసిన పిమ్మట తడికి దారి మూతపడును. క్రింద నుండి త్రోసి త్రోసి పూతను బొబ్బలుగా లేపి, తుదకు పెచ్చులుగా ఊడదీయును. అప్పుడు అమ్మినవారు మేస్త్రిని, మేస్త్రి అమ్మినవారిని నిందించుకొందురు. డబ్బు మాత్రము సంఘమునది.

దీనికి పరీక్ష చాల సులభము, ఖర్చు లేనిది. మూరెడు చదరపు పాలిథీను కాగితమును గచ్చుపై పఱచి, నాలుగంచులను గాలి చొఱకుండ జిగురు పట్టీతో అంటింపవలెను. ఒక పగలు, ఒక రాత్రి ఉంచి తెఱచి చూడవలెను. కాగితము అడుగున చెమ్మ గట్టినను, గచ్చు నల్లబడినను ఆ నేల పూతకు పనికిరాదు. సాలలో ఒక్కచోట కాక మూడు నాలుగు చోట్ల చూడవలెను. ఇంకొక మాట. చాల మంది ఈ పరీక్షను ఎండకాలమున చేసి తృప్తి పడుదురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మన మీద పడిన సంగతి మఱచినవారు లేరు. వైశాఖమున ఎండిన నేల ఆశ్వయుజమున ఎండియుండునని నమ్మరాదు. వానలు బాగుగా కురిసిన పిమ్మట ఒకసారియు, పూత వేయుటకు ముందు ఒకసారియు ఈ కాగితము పఱచవలెను. రెండుసార్లును పొడిగా నున్న నేలయే పూతకు అర్హము.

క్రొత్తగా గచ్చు పోయించుచున్న సంఘములకు ఈ చిక్కు తప్పించుకొనుట సులభము. కాంక్రీటుకు అడుగున మందపు పాలిథీను పఱచి పోయించినచో క్రింది తడి పైకి రాదు. గచ్చును కనీసము 28 దినములు గట్టిపడనిచ్చి, అటుపై కాగితము పరీక్షలో నెగ్గిన పిదప మాత్రమే పూత సంగతి తలపెట్టవలెను. నిజమునకు క్రొత్త గచ్చుకు పూతయే అక్కఱలేకపోవచ్చును. మేస్త్రి తాపీతో నున్నగా రుద్దక, పచ్చిగా నున్నప్పుడే ముతక చీపురుతో అడ్డముగా గీతలు గీయించినచో ఆ గరుకే సంవత్సరములు నిలుచును. పశువుల సాలలలో గచ్చుకు గాళ్ళు తీయుట మనకు క్రొత్త గాదు. ఎద్దుకు చూపిన దయ మనిషికి చూపుటకు మేస్త్రికి కూలి హెచ్చదు. చిన్న సంఘములకు మా మొదటి సలహా ఇదియే.

పాత గచ్చునకు పూత వేయుటకు ముందు దాని పై పొరను తీయవలెను. సిమెంటు గచ్చుపై పాలవంటి బలహీనపు పొర యుండును. దానిపై వేసిన పూత దానితోనే ఊడివచ్చును. కొందఱు ఆసిడు పోసి కడుగుదురు. ఆ పొగ ఊపిరికి హాని, సాలలోని ఇనుప యంత్రములకు త్రుప్పు, మిగిలిన ఆసిడు పూతకే చేటు. అద్దెకు దొరకు గ్రైండరుతో, దుమ్ము లాగు యంత్రమును జతచేసి, రాపిడి పెట్టించుటయే మంచిది. నూనె ఇంకిన మచ్చలపై నాలుగు నీటిబొట్లు వేసి చూడుడు. ఇంకినచో సరి. ముత్యములవలె నిలిచినచో నూనె ఇంకను ఉన్నదని అర్థము. ఎంత కడిగినను పోని మచ్చలను త్రవ్వించి క్రొత్త కాంక్రీటు పోయింపవలసినదే.

ధరపత్రములు చదువుటలో సభ్యులు ఒక లెక్కను గుర్తుంచుకొనవలయును. ఆవిరియై పోవునది ఏమియు లేని పూత ఒక లీటరును ఒక చదరపు మీటరుపై పఱచిన ఒక మిల్లీమీటరు మందము వచ్చును. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల సాలకు 60 చదరపు మీటర్లు. దానిపై పావు మిల్లీమీటరు మందము కావలెనన్న 15 లీటర్లు పట్టును. డబ్బాలోని దానిలో సగము నీరో మఱియొక ద్రావకమో అయి ఆవిరి కాగలదన్నచో 30 లీటర్లు కావలెను. ఇక ఒకరు వచ్చి 4 లీటర్ల డబ్బాతో ఈ సాలకు రెండు పూతలు వేసెదమని చవుక ధర చెప్పినచో, ఏమియు ఆవిరి కాకున్నను రెండు పూతలును కలిసి తలవెండ్రుక మందము మించదు. ట్రాక్టరు నాలుగు నెలలు త్రిప్పిన అది ఉండదు. ఇసుక చల్లు పద్ధతికి బంక ఇంకను హెచ్చుగా పట్టును. చదరపు అడుగునకు ఎంత యని మాత్రమే అడుగుట చాలదు. ఎన్ని లీటర్లు పోసెదరు, అందులో ఆవిరి కానిది ఎంత పాలు అని అడిగి, ధరపత్రముననే వ్రాయించుకొనవలెను. పని జరుగుచుండగా ఖాళీ డబ్బాలను ఎవరైన ఒక సభ్యుడు లెక్కపెట్టవలెను.

మన పలాసకు సంబంధించిన సంగతి ఒకటి ఇచ్చట చెప్పక పోలేము. జీడిపిక్క తొక్కనుండి తీయు నూనెను శుద్ధిచేసి, దానిలోని కార్డనాలు అను పదార్థము నుండి ఇపాక్సీని గట్టిపఱచు ద్రవములను చేయుదురు. వీనిని ఫినాల్కమైనులందురు. తేమ కొంత ఉన్న తావునను, చల్లని వేళలందును గట్టిపడుట వీని ప్రత్యేకత. ఓడల పూతలలో వీనికి వాడుక హెచ్చు. అట్లని నేల అడుగునుండి నిరంతరము తడి ఎక్కుచున్నచో ఇవియు రక్షింపలేవు. గాలిలోని తేమకును పైపై చెమ్మకును మాత్రమే ఇవి ఓర్చును. మన తీరమున పనిచేయించువారు గట్టిపఱచు ద్రవము ఈ జాతిదేనా యని అడుగుట లాభకరము.

జీడినూనె తగిలిన చేతులు పొక్కుట పలాస పరిసరములలో తెలియనివారు లేరు. ఇపాక్సీ కూడ చర్మమునకు అట్టిదే. చేతులకు తొడుగులు లేకుండ కలిపినవానికి దురదయు దద్దురును పుట్టవచ్చును. ఒకసారి దేహమునకు పడకపోయినచో తరువాత కొంచెము తగిలినను బాధించును. చేతులు కడుగుకొనుటకు థిన్నరు వాడిన ఆ విషము మఱింత లోపలికి పోవును. తొడుగుల ఖర్చు మేస్త్రిదా సంఘముదా యను వాదులాట వలదు. ఒప్పందములోనే వ్రాసి సంఘము ఇచ్చుట మర్యాద.

పూతకు మాఘ ఫాల్గుణములు అనుకూలమని మా తలంపు. ధాన్యము కదలిపోయి, సాల ఖాళీ చేయుటకు అప్పుడు వీలుండును. మంచు కురియు వేకువను పని పెట్టరాదు. గాలిలోని తేమ ఏ వేడిమి వద్ద చెమర్చునో దానికంటె నేల కనీసము 3 డిగ్రీలు వేడిగా నుండవలెను. లేనిచో పూతపై తెల్లని జిడ్డు పొర గట్టి, రెండవ పూత అంటదు. మండు వేసవియు మంచిది కాదు. కలిపిన బంక బకెట్టులోనే ఉడికినట్లు వేడెక్కి ముద్దయగును. వేసిన మఱునాడు మనుష్యులు నడువవచ్చును గాని, ట్రాక్టరును ఒక వారము వఱకు ఎక్కింపరాదు.

ఎక్కించిన పిమ్మటను ఒక కట్టుబాటు కావలెను. దమ్ము ఇనుప చక్రములతో ట్రాక్టరును సాలలోనికి తేరాదు. ఆ ఇనుప బద్దలకు ఏ పూతయు నిలువదు. సాల వాకిట టెక్కలి క్వారీల గరుకు రాతిపలకలు నాలుగు పఱచి, చక్రములు అచ్చటనే మార్చుట మంచిది. టెక్కలి నీలి రాయికి దేశదేశములలో పేరున్నది. దానిని మెఱుగుపెట్టి మన సంఘముల వసారాలకు వేయించుకొనుట గౌరవమని కొందఱు తలచుచున్నారు. వానకాలమున ఆ వసారాలపై ముసలివారు గోడ పట్టుకొని నడచుచున్నారు. ఆ రాయినే మంటతో కాల్చి గరుకు చేసిన పలకలుగా వేసినచో గౌరవమునకును లోపముండదు, కాలికిని లోపముండదు.

గరుకు నేలను ఊడ్చుట కష్టమని, గింజలు చిక్కుకొనునని ఒక ఆక్షేపణ కలదు. ధాన్యము, విత్తనములు ఉంచు గిడ్డంగి విషయమున అది న్యాయమే. అచ్చట నూనె చిందదు, తడి రానీయరాదు, కావున సాదా గట్టి గచ్చు చాలును. ధాన్యము ఎండబోయు కళ్ళమునకు ఇపాక్సీ అసలే కూడదు. ఎండకు అది పసుపెక్కి పొడిబారును. మేము చెప్పునదంతయు యంత్రములు నిలుచు సాలకే. సొమ్ము చాలని సంఘములు సాల యంతటికిని పూయించ నక్కఱలేదు. డీజిలు నింపు చోటు, నూనె మార్చు చోటు, వాకిలి నుండి అచ్చటికి నడచు బాట, ఈ మూటికి ఇసుక పూత మందముగా వేయించి, ట్రాక్టరు పొట్ట క్రింది నేలను వదలివేయవచ్చును. ఇంతకును డబ్బు లేనివారు నూనె చిందిన చోట గోనెపట్టా పఱచుచున్నారు. గోనెపట్టా నూనెపై తానే జారును, పైనున్న మనిషిని వెంట తీసికొని పోవును. దానికంటె రంపపు పొట్టో, ఊకయో చల్లి, నూనె పీల్చిన పిదప ఊడ్చివేయుట మేలు. ఆ ఊకను మాత్రము పశువుల కందు చోట పోయరాదు.

పూత పని ముగిసిన దినమున డబ్బాలు మిగులును. మూతలు గట్టివి, చూచుటకు అందమైనవి. వానిని నీళ్ళకో, విత్తనములకో పట్టుకొని పోవుటకు చాల మంది ఎదురుచూచుచుందురు. అవి యెవరి ఇంటికిని పోరాదు. అడుగున మిగిలిన బంకను రెండవ ద్రవముతో కలిపి గట్టిపడనిచ్చి, డబ్బాలకు చిల్లులు పొడిచి, పని ఒప్పుకొన్నవారే తీసికొని పోవునట్లు ఒప్పందములో ఒక పంక్తి చేర్చవలెనని కార్యవర్గములను కోరుచున్నాము.